ఆఫ్ సీజన్‌లో పక్షులు, వన్యప్రాణుల ఫోటోల కోసం వెళ్తే ఏమైనా దొరుకుతుందా? ప్లాన్ ఎలా వేసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఉద్యోగం వల్ల మీకు సెలవు ఎప్పుడూ జనం వెళ్లని నెలల్లోనే దొరుకుతుంది. 100-400 జూమ్ లెన్సు ఉంది. పక్షులు, జంతువుల ఫోటోల కోసమే ఒక ట్రిప్ వేసుకోవాలని ఉంది. ఆఫ్ సీజన్‌లో వెళ్తే సెలవు దండగవుతుందా? వెళ్లేట్టయితే ప్లాన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

సూటిగా చెప్తాను. వెళ్లండి, దండగ కాదు. కాకపోతే ప్లాన్ వేసే వరస మార్చుకోవాలి. మామూలుగా మనం ముందు చోటు ఎంచుకుని, అక్కడికి ఏ నెలలో వెళ్తే మంచిదో తర్వాత చూస్తాం. మీకు నెల ముందే ఖాయమైపోయింది. అందుకని ఆ నెలలో ఏ పక్షి, ఏ జంతువు ఏం చేస్తోందో ముందు చూడండి, చోటు సంగతి ఆ తర్వాత. జతకట్టడం, గూడు పెట్టడం, పిల్లల్ని సాకడం, వలస పోవడం, వీటిలో ఏదో ఒకటి ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది. పేరున్న పార్కులో రేట్లు తగ్గాయని వెళ్లి, సీజన్‌లో వచ్చే ఫోటోలే అక్కడ కావాలనుకునేవాళ్లకే ఎక్కువగా నిరాశ ఎదురవుతుంది.

అసలు ఒక చోటుకి "సీజన్" అనే పేరు ఎలా వస్తుందో తెలిస్తే సగం పని అయినట్టే. చాలా అడవుల్లో సీజన్ అంటే ఎండాకాలం లేదా వానలు లేని చలికాలం. గడ్డి ఎండి చూపు చాలా దూరం వరకు సాగుతుంది, నీళ్లు ఒకటి రెండు గుంటల్లోనే మిగులుతాయి, జంతువులు అక్కడికే రావాలి, జీపు దారులు పొడిగా ఉంటాయి. అంటే అది చూడటానికి వీలైన కాలం. జంతువు జీవితంలో ముఖ్యమైన ఘట్టాలు కూడా అప్పుడే జరుగుతాయని లెక్కేమీ లేదు. వాన పడ్డాక మేత దొరుకుతుంది, పురుగులు పుడతాయి, కాబట్టి పిల్లల్ని కనడం, గూళ్లు కట్టడం చాలావరకు అప్పుడే. జంతువులు చెదిరిపోతాయి, గడ్డి మనిషెత్తు పెరుగుతుంది, కనిపించేవి తగ్గుతాయి, అది నిజమే. కనిపించినప్పుడు మాత్రం ఆకుపచ్చని నేల మీద, దుమ్ము లేని గాలిలో, ఏదో ఒక పని చేస్తూ కనిపిస్తాయి.

ఆఫ్రికాలో క్రూగర్ పార్కునే తీసుకోండి. సింహాలు, చిరుతల కోసం జనం జూన్ నుంచి సెప్టెంబర్ వరకు వెళ్తారు, అది అక్కడి పొడి చలికాలం. నవంబర్, డిసెంబర్ నెలల్లో వానలు మొదలవుతాయి, గడ్డి లేస్తుంది, పెద్ద జంతువులు వెతికితే గానీ దొరకవు. కానీ ఇంపాలా పిల్లలు పుట్టేది అప్పుడే. వలస పోయిన వుడ్‌ల్యాండ్ కింగ్‌ఫిషర్ అనే లకుముకి పిట్ట తిరిగొచ్చి, పార్కంతా అరుస్తూ జతను పిలిచేదీ అప్పుడే. బిషప్ పక్షుల్లో మగవాటికి ఎర్రటి ఈకలు వచ్చేదీ అప్పుడే. చలికాలంలో వెళ్తే అదే పక్షి పిచ్చుకలా గోధుమ రంగులో ఉంటుంది, పక్కనుంచి ఎగిరినా మీరు కెమెరా ఎత్తరు.

బోట్స్‌వానాలో సెంట్రల్ కలహారి ఇంకో మంచి ఉదాహరణ. ఆ దేశానికి సీజన్ అని చెప్పే ఎండు నెలల్లో ఇక్కడ పెద్దగా ఏమీ ఉండదు. జనవరి నుంచి ఏప్రిల్ వరకు, వానలకు డిసెప్షన్ వ్యాలీ లాంటి పాత నదీలోయల్లో పచ్చిక మొలిచినప్పుడు స్ప్రింగ్‌బాక్, గెమ్స్‌బాక్ అనే జింకల్లాంటి జంతువుల మందలు దిగుతాయి. వాటి వెనకే చీతాలు, నల్లజూలు సింహాలు. అదే దేశంలో ఒకవాంగో డెల్టా లెక్క పూర్తిగా వేరు. అక్కడికి వరద అంగోలా ఎత్తైన ప్రాంతాల్లో పడిన వాన నుంచి కొన్ని నెలలు ఆలస్యంగా వస్తుంది, జూన్ నుంచి ఆగస్టు మధ్య నిండుగా ఉంటుంది. అప్పుడు స్థానికంగా చుక్క వాన పడదు. చెప్పొచ్చేదేమిటంటే, వాన పడే నెలా, నీళ్లుండే నెలా ఒకటే అనుకోవద్దు. దేశం మొత్తానికి కలిపి "బెస్ట్ టైమ్" అని రాసేది ఎందుకూ పనికిరాదు. చోటు వారీగా చూసుకోవాల్సిందే.

చలి ప్రాంతాలకీ ఇదే సూత్రం. అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కులో నవంబర్ మొదట్లో లోపలి రోడ్లు చాలావరకు మామూలు కార్లకు మూసేస్తారు, ఏప్రిల్ మధ్యలో గానీ తెరవడం మొదలవదు. ఉత్తరాన గార్డినర్ నుంచి కుక్ సిటీ వెళ్లే రోడ్డు మాత్రం ఏడాదంతా తెరిచే ఉంటుంది. అది లామార్ వ్యాలీ గుండా పోతుంది. తోడేళ్లను చూడటానికి ఆ మంచే సాయం చేస్తుంది, తెల్లటి నేల మీద ముదురు రంగు జంతువు కిలోమీటర్ల దూరం నుంచి కంటపడుతుంది. కెనడాలో చర్చిల్ అంటే అందరికీ అక్టోబర్, నవంబర్‌లలో వచ్చే ధ్రువపు ఎలుగుబంట్లే గుర్తొస్తాయి. జూలై, ఆగస్టుల్లో అదే ఊరి దగ్గర నదిలోకి బెలూగా తిమింగలాలు వేలల్లో వస్తాయి.

నిజంగానే డల్‌గా ఉండే నెలలూ ఉన్నాయి, వాటిని మాత్రం తప్పించండి. ఆ నెలల్లో వెళ్తే ఎంత ఓపిక పట్టినా పెద్దగా ఫలితం ఉండదు. ఉత్తరార్ధగోళంలో వేసవి మధ్య నుంచి మగ బాతులు రంగు ఈకలు రాల్చేసి ఆడబాతుల్లా తయారవుతాయి, రెక్క ఈకలన్నీ ఒకేసారి రాలడంతో కొన్ని వారాలు ఎగరలేవు కూడా. బాతుల కోసం ఆ రోజుల్లో వెళ్లకండి. సమశీతోష్ణ అడవుల్లో ఆగస్టు వచ్చేసరికి పాడే పిట్టలు గొంతు మూసుకుని, ఈకలు మార్చుకుంటూ పొదల్లో దాక్కుంటాయి. రెడ్ డీర్ మగవి వసంతంలో కొమ్ములు రాల్చేస్తాయి. కొత్తవి పెరిగి, పోట్లాటలు మొదలయ్యేది సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో.

అయితే ఇక్కడో విశేషం ఉంది. పాటల పిట్టలు మూగబోయిన అదే జూలై, ఆగస్టుల్లో సముద్రతీరాల మీద ఉత్తర ధ్రువం నుంచి తిరిగొచ్చే తీరపు పక్షుల వలస మొదలైపోతుంది. ముందు పెద్దవి వస్తాయి, చాలావాటికి ఇంకా జతకాలపు ఎర్ర, నలుపు రంగులు ఉంటాయి. పిల్లలు వెనక వస్తాయి. ఆ నెలలో సెలవు దొరికితే అడవిని వదిలేసి తీరానికి వెళ్లాలి. ఆటుపోట్ల పట్టిక చూసుకుని, పోటు నిండుగా ఉన్న వేళకు గంటన్నర ముందే కూర్చోవాలి. నీళ్లు పెరిగేకొద్దీ పక్షులే మీ వైపు నెట్టుకొస్తాయి, మీరు వాటి వెంట పడక్కర్లేదు.

భారత్‌లో వానాకాలం సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆఫ్ సీజన్ అనగానే అందరూ ముందు కొట్టేసేది దాన్నే. మధ్య భారతంలో పులుల అడవుల కోర్ ఏరియాలు (లోపలి భాగాలు) జూలై నుంచి సెప్టెంబర్ చివరి వరకు మూసి ఉంటాయి. కజిరంగా కూడా వానల్లో మూసేస్తారు. కొన్నిచోట్ల చుట్టూ ఉండే బఫర్‌లో సఫారీలు నడుస్తాయి, కానీ పులి కోసమే అయితే ఆ మూడు నెలలు పెట్టుకోవద్దు. ఆ మూడు నెలల్లో జరిగేవి వేరు. పొన్నంగి పిట్ట వానల ముందే ఉత్తరానికి, మధ్య భారతానికి వచ్చి గూడు పెడుతుంది. భరత్‌పూర్ కేవలాదేవ్‌లో నీళ్లు నిండితే కొంగలు, నీటికాకులు చెట్ల నిండా గూళ్లు కడతాయి, ఎర్రకాళ్ల కొంగలు ఆ వెనకే. పశ్చిమ కనుమల్లో అగుంబె, అంబోలి లాంటి చోట్ల రాత్రిపూట టార్చ్ పట్టుకుని నడిస్తే నీటిగుంట మీదికి వంగిన కొమ్మకు మలబార్ గ్లైడింగ్ ఫ్రాగ్ కట్టిన నురగ గూడు కనిపిస్తుంది. గుడ్లు అందులోనే పొదిగి, తోకకప్పలు కింద నీళ్లలోకి జారతాయి. దీనికి పెద్ద లెన్సు అవసరమే లేదు.

నన్నడిగితే, మొదటిసారి వానాకాలంలో వెళ్లేవాళ్లు గిజిగాడి గూళ్ల దగ్గర మొదలుపెట్టాలి. ఇది అరుదైన పక్షేమీ కాదు, నీటి పక్కన ఈతచెట్టో తుమ్మచెట్టో ఉంటే చాలు. కానీ మగదానికి ఆ పసుపు టోపీ ఉండేది ఈ నెలల్లోనే. ఆకు అంచును ముక్కుతో కొరికి, పట్టుకుని ఎగురుతుంది. ఆ ఎగిరే ఊపుకే ఆకు పొడవునా సన్నని పీలిక చీలి వస్తుంది. దాన్ని తెచ్చి అల్లుతుంది. గూడు సగమయ్యాక, అంటే హెల్మెట్‌లా కనిపించే దశలో, పని ఆపేసి దానికి వేలాడుతూ రెక్కలు కొట్టుకుని ఆడవాటిని పిలుస్తుంది. ఆడది వచ్చి లోపల దూరి, అల్లికను లాగి చూస్తుంది. నచ్చితేనే మగది మిగతా గూడు, కింది గొట్టం పూర్తిచేస్తుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వదిలేస్తుంది. అందుకని చెట్టు నిండా పూర్తయిన గూళ్లే ఉంటే మీరు ఆలస్యంగా వచ్చినట్టు. సగం కట్టిన గూళ్లు ఎక్కువున్న చెట్టును వెతకండి, యాక్షన్ అంతా అక్కడే. ఎక్కువ పక్షులు ఏ గాలికి ఎటు తిరిగి వాలుతున్నాయో కాసేపు చూసి, అప్పుడు మీ చోటు ఎంచుకోండి.

ఇప్పుడు ప్లానింగ్. ఇంటర్నెట్‌లో "బెస్ట్ సీజన్" వ్యాసాలు చదవడం మానేసి, ఈబర్డ్‌లో (పక్షులు చూసినవాళ్లు తమ చెక్‌లిస్టులు నమోదు చేసే వెబ్‌సైట్) ఆ ప్రాంతం బార్ చార్ట్ తెరవండి. ప్రతి నెలనూ నాలుగు భాగాలు చేసి ఏ పక్షి ఎంత తరచుగా కనిపించిందో చూపిస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త: ఆఫ్ సీజన్‌లో వెళ్లేవాళ్లే తక్కువ కాబట్టి చెక్‌లిస్టులూ తక్కువే వస్తాయి. ఒక వారం ఖాళీగా ఉందంటే పక్షి లేదనా, చూసే మనిషి లేడనా అన్నది విడిగా తేల్చుకోవాలి. ఆ వారాల్లో మొత్తం ఎన్ని చెక్‌లిస్టులు ఉన్నాయో చూస్తే తెలిసిపోతుంది. జంతువులకు, కప్పలకు, పాములకు ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో నెలవారీ గ్రాఫ్ చూడండి. ఏ పక్షి ఏ నెలలో పాడుతోందో పక్షుల పాటలు దాచే జెనో-కాంటో వెబ్‌సైట్‌లో రికార్డింగుల తేదీలు చెప్తాయి. పాడుతోందంటే చాలావాటికి జతకాలం మొదలైందన్నమాట.

చిత్తడి నేలలకు వెళ్తుంటే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి, దాదాపు 5 రోజులకో కొత్త చిత్రం వస్తుంది. మబ్బు అడ్డం రాకపోతే చెరువులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చు. గత రెండు మూడేళ్లలో అదే వారం చిత్రాలతో పోల్చి చూడండి. టికెట్లు ఖరారు చేసేముందు నేను తప్పకుండా చేసే పని ఇది. వానలు ఆలస్యమైన ఏడాదిలో క్యాలెండర్‌ని నమ్ముకుంటే లాభం లేదు.

తేదీల్లో కాస్త వెసులుబాటు ఉంటే సీజన్ అంచుల్లో పెట్టుకోండి. తొలి వానలు పడ్డ రెండు మూడు వారాలు చాలా విలువైనవి. దుమ్ము కడిగేసి ఉంటుంది, చిగురు వస్తుంది, గడ్డి ఇంకా అడ్డం రాదు, రోడ్లు ఇంకా పాడవవు. సీజన్ ముగిశాక మొదటి వారమూ అంతే, జంతువులకు క్యాలెండర్ తెలియదు, జనం మాత్రం వెళ్లిపోయి ఉంటారు.

ఎన్ని చోట్లు చూడాలన్న విషయంలో నాది గట్టి అభిప్రాయం: ఒక్క చోటే. మహా అయితే రెండు. సీజన్‌లో రెండు రోజులకో పార్కు మారినా ఏదో ఒకటి దొరుకుతుంది. ఆఫ్ సీజన్‌లో ఒక పూట వానకు పోతుంది, ఒక పూట దారి మూసేస్తారు. ఒకేచోట ఐదారు రోజులుంటే మూడో రోజుకు ఏ చెట్టు మీద ఎవరున్నారో మీకే తెలుస్తుంది, అక్కడి నుంచి ఫోటోలు మారతాయి. ప్రయాణంలో పోయే రోజును అడవిలో పెట్టడమే లాభం.

బుకింగ్ ముందు ఫోన్ చేసి మాట్లాడండి. "ఓపెన్ ఉందా" అని అడిగితే అందరూ ఉందనే అంటారు. ఆ నెలలో ఏ జోన్లు, ఏ దారులు మూసి ఉంటాయి? పోయిన ఏడాది ఇదే వారంలో ఏం కనిపించింది? రెగ్యులర్ గైడ్ ఉంటాడా, సెలవు మీద వెళ్తాడా? ఆఖరి ప్రశ్న చాలా ముఖ్యం. సీజన్‌లో వేరే జీపులు ఎక్కడ ఆగాయో చూసి ఎవరైనా తీసుకెళ్లగలరు. ఆఫ్ సీజన్‌లో మీ జీపు ఒక్కటే, గైడ్ అనుభవమే మీకు ఆధారం. ఒకసారి నాతో పాటు వచ్చిన స్నేహితుడికి పెద్దగా ఆశల్లేవు. మాతో వచ్చిన ముసలి గైడ్ మాత్రం చిరుత కోసం వెతకలేదు. లంగూర్ల (కొండముచ్చుల) హెచ్చరిక అరుపు వినిపించే వరకు బండి ఇంజన్ ఆపేసి కూర్చున్నాడు. తడి గడ్డిలోకి దిగడం ఇష్టంలేక చిరుత దారి మీదికే వచ్చి నడిచింది. పొద్దున్నే మంచుతోనో వానతోనో గడ్డి తడిసినప్పుడు జంతువులు దారులు వాడటం ఎక్కువ, ఇది గుర్తుంచుకుని పొద్దుటి సఫారీ అస్సలు వదులుకోవద్దు.

దారుల గురించి ఇంకొక్క మాట. నల్లరేగడి నేలయితే ఒక గట్టి వానకే బండి కదలదు. కెన్యాలోని మసాయి మారాలో కూడా ఈ నేల ఉంది. నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే బండే తీసుకోండి, తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా ఉంచుకోండి, క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కి ఇచ్చే షరతు రాతపూర్వకంగా తీసుకోండి. మలేరియా ఉన్న ప్రాంతాలకు వానల్లో వెళ్తుంటే ముందే డాక్టర్‌ని కలవాలి.

కెమెరా సంగతి. మబ్బు పట్టిన రోజును చూసి టెన్షన్ పడకండి. ఎండలో పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలే పని జరుగుతుంది. మబ్బులో మధ్యాహ్నం కూడా వెలుతురు మెత్తగా ఉంటుంది, తెల్లకొంగ ఈకల్లో వివరాలు పోవు. వెలుతురు తగ్గుతుంది కాబట్టి ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 3200, 6400 వాడటానికి వెనకాడొద్దు. దానివల్ల వచ్చే నాయిస్‌ను (ఫోటో మీది చుక్కలను) ఇప్పటి సాఫ్ట్‌వేర్లు బాగానే తీసేస్తాయి, కదిలిపోయిన ఫోటోను ఏదీ బాగుచేయలేదు. ఎగిరే పక్షికి షట్టర్ వేగం 1/1600 సెకను కంటే తగ్గకండి. తెల్లటి ఆకాశం వెనకుంటే పక్షి నల్లబడిపోతుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు), ఒకటిన్నర స్టాప్ పెంచండి. ముదురు చెట్ల ముందు తెల్లకొంగ ఉంటే దీనికి రివర్స్. వాన గీతల్లా పడాలంటే జంతువు కదలకుండా నిలబడ్డప్పుడు, వెనక ముదురు చెట్లు ఉండేలా చూసుకుని 1/60 దగ్గర ప్రయత్నించండి. తడి ఆకుల మీద మెరుపును లెన్సు ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్ తగ్గిస్తుంది, కానీ ఒకటి రెండు స్టాప్‌ల వెలుతురు తినేస్తుంది కాబట్టి చీకటి అడవిలో తీసేయండి. ఎండాకాలపు ఆఫ్ సీజన్‌లో సమస్య వేడి గాలి అలలు. దూరపు జంతువు అంచులు కరిగినట్టు వస్తాయి, ఎంత ఖరీదైన లెన్సైనా అంతే. పొద్దెక్కాక దూరపు ఫోటోలు మానేసి దగ్గర వాటి మీద పని చేయండి.

వానలో లెన్సు మార్చకండి, బండిలో కూడా. ఏసీ గది నుంచి నేరుగా బయటికి తీస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. బయలుదేరడానికి అరగంట ముందే కెమెరాను మూసిన బ్యాగులో ఉంచి బయట పెట్టండి. మంచు ప్రాంతాల్లో తిరిగి గదిలోకి వచ్చేటప్పుడు ఇదే జాగ్రత్త, స్పేర్ బ్యాటరీలు లోపలి జేబులో ఒంటికి తగిలేలా ఉంచుకోవాలి. ఇంటికొచ్చాక తడి బ్యాగులోనే లెన్సు వదిలేస్తే ఫంగస్ పడుతుంది. తుడిచి, గాలి ఆడనిచ్చి, సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టండి.

గూళ్ల విషయంలో మాత్రం నేను ఎక్కడా రాజీ పడను. ఆఫ్ సీజన్‌లో మీరు వెళ్లే చోట్లు చాలావరకు పక్షుల పిల్లల కాలం. అడ్డమొచ్చిన కొమ్మ నరకడం, ఆకులు కట్టేయడం చేయకూడదు. ఆ ఆకులే గూటికి ఎండ నుంచి, కాకుల నుంచి రక్ష. రికార్డు చేసిన పాట వినిపించి పిలవొద్దు. తల్లి నోట్లో పురుగు పట్టుకుని గూటికి వెళ్లకుండా కొమ్మ మీద అటూ ఇటూ గెంతుతూ అరుస్తోందంటే మీరు దగ్గరికి వెళ్లిపోయారని అర్థం. వెంటనే వెనక్కి రండి, ఫోటో వదిలేయండి. బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం షెడ్యూల్ 1లో (ప్రత్యేక రక్షణ జాబితాలో) ఉన్న పక్షులను గూటి దగ్గర కావాలని లేదా నిర్లక్ష్యంగా ఇబ్బంది పెట్టడమే నేరం. చట్టం లేని చోట కూడా పిల్ల ఆకలితో చస్తే అది మన వల్లే. నేల నెమలి (లెస్సర్ ఫ్లోరికన్) వానాకాలంలో గడ్డి మీద ఎగిరెగిరి దూకుతుంది, ఆ దూకుడు కోసం రాజస్థాన్, గుజరాత్ గడ్డిభూములకు వెళ్లే ఫోటోగ్రాఫర్లు ఉన్నారు. అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న పక్షి అది. పర్మిషన్ ఉన్న దారి మీద, బండిలో నుంచి, దూరంగా దొరికితే సరే. లేకపోతే వదిలేయాలి. ఫోటో పెట్టినా లొకేషన్ పెట్టకండి.

మీ 100-400 గురించి. సరిపోతుంది. గూళ్ల గుంపులు, కప్పలు, మందలు, వానలో నిలబడ్డ జంతువులు, వీటన్నిటికీ పరిసరాలతో కలిపి తీసిన ఫోటోనే బాగుంటుంది. 600 లెన్సు తప్పనిసరయ్యేది చిన్న పిట్టలకు, దూరపు తీరపు పక్షులకు. వాటికోసమే వెళ్తుంటే కొనకుండా అద్దెకు తీసుకోండి, ట్రిప్‌కు వారం ముందే తీసుకుని దాని ఫోకస్ అలవాటు చేసుకోండి.

మీకు సెలవు ఏ నెలలో దొరుకుతుందో, వానలో తిరగడం ఇష్టమో చలిలో తిరగడం ఇష్టమో ఇక్కడే రాయండి. దాన్నిబట్టి రెండు మూడు చోట్లు చెప్పగలను.